ఎలక్ట్రాన్ ఎవరిస్తారు? యాంటీఆక్సిడెంట్ల అసలు లెక్క

మోకాలు గీరుకుపోయినప్పుడు దాని మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుసమని తెల్లటి నురగ వస్తుంది, చూసే ఉంటారు. అదే సీసాలోంచి రెండు చుక్కలు పక్కనే ఉన్న మంచి చర్మం మీద పడితే ఏమీ జరగదు, నీళ్ళలా జారిపోతుంది. ఆ నురగ క్రిములు చచ్చిపోతున్న గుర్తని చాలామంది అనుకుంటారు. నేనూ చిన్నప్పుడు అలాగే అనుకుని, ఎంత నురగొస్తే అంత మంచిదని ఇంకాస్త పోసేవాణ్ణి (ఇప్పుడు డాక్టర్లు దాన్ని పదేపదే పోయొద్దంటున్నారు, గాయం మానడానికి పనిచేసే కణాలు కూడా దానివల్ల దెబ్బతింటాయి). నిజానికి ఆ బుడగల్లో ఉన్నది ఆక్సిజన్. తెగిన కణాల్లోంచి, రక్తంలోంచి బయటపడిన కాటలేజ్ అనే ఎంజైమ్ పెరాక్సైడ్‌ని పట్టుకుని నీళ్ళుగా, ఆక్సిజన్‌గా విడగొడుతోంది. ఒక్కొక్క కాటలేజ్ అణువు సెకనుకు లక్షల పెరాక్సైడ్ అణువుల పని పట్టగలదు.

మన ఒంట్లో ఉన్న గట్టి యాంటీఆక్సిడెంట్లలో (అంటే ఆక్సిజన్ తెచ్చిపెట్టే హాని నుంచి కణాన్ని కాపాడేవాటిలో) అదొకటి. ఏ జ్యూస్ డబ్బా మీదా దాని పేరు కనిపించదు.

అంత గట్టి ఎంజైమ్ లేకపోతే మనిషి బతకడేమో అనిపిస్తుంది. 1940ల్లో జపాన్‌లో షిగియో తకహారా అనే ఈఎన్‌టీ సర్జన్ ఒక అమ్మాయి నోట్లో కుళ్ళిన పుండుకి ఆపరేషన్ చేసి, అలవాటు ప్రకారం పెరాక్సైడ్ పోశాడు. నురగ రాలేదు, పైగా రక్తం ఎరుపు పోయి గోధుమ నలుపులోకి తిరిగింది. ఆ అమ్మాయి రక్తంలో కాటలేజ్ దాదాపు లేదని తర్వాత తేలింది. విచిత్రమేంటంటే ఇలాంటి లోపం ఉన్నవాళ్ళు, కొందరికి నోటిపుండ్ల బాధ తప్ప, ఎక్కువమంది మామూలుగానే బతికేస్తారు. కాటలేజ్ చేసే పనే కణంలో ఇంకో రెండు ఎంజైమ్ కుటుంబాలు కూడా చేస్తుంటాయి, ఒకరు సెలవు పెడితే ఇంకొకరు డ్యూటీ ఎక్కినట్టు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందుముందు మళ్ళీ పనిపడుతుంది.

అసలు కణంలో పెరాక్సైడ్ ఎందుకుంటుంది? మనం పీల్చే ఆక్సిజన్ వల్లే. ఆక్సిజన్ అణువులో జతకట్టని ఎలక్ట్రాన్లు రెండున్నాయి, అందుకని దానికి ఒకేసారి ఎలక్ట్రాన్ల జంటను తీసుకోవడం రాదు, ఒక్కొక్కటిగానే తీసుకుంటుంది. ఇది మనకు వరమూ శాపమూ కూడా. వరం ఎందుకంటే, ఈ అడ్డే లేకపోతే గాలి తగిలిన క్షణమే మన ఒంట్లోని కొవ్వులూ పిండిపదార్థాలూ మండిపోవాలి. శాపం ఎందుకంటే, ఒక ఆక్సిజన్ అణువు నీళ్ళుగా మారాలంటే నాలుగు ఎలక్ట్రాన్లు కావాలి, మధ్యలో ఎక్కడ ఆగిపోయినా అది ప్రమాదకరమైన సగం సరుకు. ఒకటి తీసుకుని ఆగితే సూపరాక్సైడ్. రెండు తీసుకుంటే మన పెరాక్సైడ్. మూడో ఎలక్ట్రాన్ దగ్గర పెరాక్సైడ్ చీలిపోయి హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. నాలుగోది కూడా అందితే హాయిగా నీళ్ళు.

కణంలో శక్తి తయారయ్యే చోటు మైటోకాండ్రియా, అక్కడ తిండిలోంచి తీసిన ఎలక్ట్రాన్లు మెట్టు మెట్టుగా చేతులు మారుతూ ఆక్సిజన్ దాకా దిగుతాయి. చివరి మెట్టు మీద కూర్చున్న ఎంజైమ్ ఈ నాలుగింటినీ తన గుప్పిట్లోనే పూర్తిచేసి నీళ్ళను మాత్రమే బయటికి వదులుతుంది, సగం సరుకు జారనివ్వదు. చిక్కంతా దానికంటే పైనున్న మెట్ల దగ్గర. అక్కడ చేతులు మారుతున్న ఎలక్ట్రాన్లలో కొన్ని దారి తప్పి, అటుగా వెళ్తున్న ఆక్సిజన్‌కి తగులుకుంటాయి. మనం పీల్చే ఆక్సిజన్‌లో ఒకటి రెండు శాతం ఇలా సూపరాక్సైడ్‌గా మారిపోతుందని పాత పుస్తకాల్లో రాసేవాళ్ళు. ఆ లెక్క మైటోకాండ్రియాని కణంలోంచి బయటికి తీసి, ఆక్సిజన్ పుష్కలంగా అందించి చేసిన ప్రయోగాలది. సజీవ కణంలో అంతకంటే చాలా తక్కువే. తక్కువే అయినా, పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఆగకుండా కారే కుళాయి అది.

ఇప్పుడు ఆక్సీకరణ అనే మాట. ఒక అణువు ఎలక్ట్రాన్ పోగొట్టుకోవడమే ఆక్సీకరణ. జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువుని ఫ్రీ రాడికల్ అంటారు. వాటిలో దుడుకువి పక్కవాడి దగ్గర ఎలక్ట్రాన్ లాక్కుంటాయి, లాక్కున్నది కుదుటపడుతుంది, పోగొట్టుకున్నది రాడికల్ అవుతుంది, అది ఇంకో పక్కవాడి మీద పడుతుంది. అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసినట్టు, బాకీ చేతులు మారుతుందే తప్ప మాఫీ అవదు. ఈ వ్యాసం మొత్తంలో ఒకే ప్రశ్న పట్టుకోండి: ఎలక్ట్రాన్ ఎవరిస్తున్నారు, ఇచ్చినవాళ్ళకి మళ్ళీ ఎవరిస్తున్నారు?

ఈ సగం సరుకుల్లో అన్నీ ఒకేలాంటివి కావు. సూపరాక్సైడ్ పేరుకు సూపర్ గానీ కొంచెం మందకొడిది. పెరాక్సైడ్ ఇంకా నెమ్మది, అసలది రాడికలే కాదు, కణం పొరలు దాటి తిరగగలదు కూడా. భయపడాల్సింది హైడ్రాక్సిల్‌కి. దాని ఆయుష్షు సెకనులో వంద కోట్లవ వంతు లెక్కన ఉంటుంది, పుట్టిన చోటే ఏది ఎదురైతే దాన్ని కొడుతుంది, డీఎన్‌ఏనా ప్రొటీనా కొవ్వా అని చూడదు. పెరాక్సైడ్‌కి స్వేచ్ఛగా తిరిగే ఇనుము తగిలితే ఇది పుడుతుంది. ఇనుమూ పెరాక్సైడూ కలిస్తే ఆక్సీకరణ జోరుగా సాగుతుందని హెన్రీ ఫెంటన్ అనే కెమిస్టు 1894లోనే రాశాడు, ఆయన పరీక్షించింది టార్టారిక్ ఆమ్లాన్ని. అదే తంతు మన కణాల్లోనూ జరుగుతుందన్న ఆలోచన రావడానికి దశాబ్దాలు పట్టింది. 1954లో రెబెకా గెర్ష్‌మన్ అనే అర్జెంటీనా శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి, ఎక్స్‌రే కిరణాలు చేసే హానీ, మోతాదు మించిన ఆక్సిజన్ చేసే హానీ ఒకే దారిలో, ఫ్రీ రాడికల్స్ ద్వారానే జరుగుతాయని రాసింది. అప్పట్లో చాలామంది నమ్మలేదు.

ఇక్కడో ముఖ్యమైన విషయం, ప్రకటనలు ఎప్పుడూ చెప్పనిది. హైడ్రాక్సిల్ పుట్టాక దాన్ని ఏ యాంటీఆక్సిడెంటూ పట్టుకోలేదు. ఎందుకంటే అది దేన్నైనా దాదాపు ఒకే వేగంతో కొడుతుంది. చుట్టూ కణం నిండా ప్రొటీన్లూ చక్కెరలూ కిక్కిరిసి ఉంటాయి, ఆ గుంపులో మీరు మింగిన విటమిన్ ఎంతని ఉంటుంది? సముద్రంలో కాకిరెట్ట. అందుకే కణం తెలివిగా, దాన్ని పట్టుకునే ప్రయత్నం మానేసి, పుట్టకుండా చూసుకుంటుంది. దానికి రెండు పనులు చేయాలి. ఇనుముని విడిగా తిరగనివ్వకూడదు, పెరాక్సైడ్‌ని పోగుపడనివ్వకూడదు. ఇనుముని దాచడానికి ఫెరిటిన్ అనే డొల్ల బంతిలాంటి ప్రొటీన్ ఉంది, ఒక్కో బంతిలో 4500 దాకా ఇనుము పరమాణువులు పడతాయి. రక్తంలో ఇనుముని మోసుకెళ్ళే ట్రాన్స్‌ఫెరిన్ కూడా చేయి వదలకుండా పట్టుకునే తీసుకెళ్తుంది. వీటిని యాంటీఆక్సిడెంట్లని ఎవరూ పిలవరు కానీ, నన్నడిగితే లిస్టులో పైన ఉండాల్సినవి ఇవే.

రెండో పని ఎంజైములది. 1969లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో జో మెకార్డ్, ఆయన గురువు ఇర్విన్ ఫ్రిడోవిచ్ కలిసి సూపరాక్సైడ్‌ని తీసేసే ఎంజైమ్‌ని పట్టుకున్నారు, సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అని పేరు పెట్టారు. తమాషా ఏంటంటే ఆ ప్రొటీన్ కొత్తదేమీ కాదు. రాగి ఉన్న ఈ ప్రొటీన్‌ని రక్తకణాల్లోంచి అంతకు 30 ఏళ్ళ ముందే వేరుచేసి పెట్టుకున్నారు, అది ఏం పని చేస్తుందో మాత్రం ఎవరికీ తెలియలేదు. సూపరాక్సైడ్ అనే సరుకు కణంలో ఉంటుందనే ఎవరూ అనుకోనప్పుడు దాన్ని ఊడ్చే మనిషి పని ఎవరికి అర్థమవుతుంది! ఈ ఎంజైమ్ రెండు సూపరాక్సైడ్‌లను తీసుకుని, ఒకదాని ఎలక్ట్రాన్ ఇంకోదానికి ఇచ్చి, ఒకదాన్ని మామూలు ఆక్సిజన్‌గా, రెండోదాన్ని పెరాక్సైడ్‌గా మారుస్తుంది. దీని వేగం ఎంతంటే, సూపరాక్సైడ్ వచ్చి తగలడమే ఆలస్యం. మైటోకాండ్రియాలో ఉండే మాంగనీస్ రకం డిస్మ్యుటేజ్‌ని తీసేసిన ఎలుకపిల్లలు పుట్టిన కొన్ని వారాల్లోపే చచ్చిపోయాయి. ఆ ఎంజైమ్ ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి.

అక్కడ పుట్టిన పెరాక్సైడ్‌ని కాటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్, పెరాక్సిరెడాక్సిన్ అనే మూడు వర్గాలు పంచుకుంటాయి. తకహారా చూసిన అమ్మాయి బతికి బట్టకట్టింది తక్కిన రెంటి పుణ్యాన. ఇంతవరకూ విటమిన్ల ఊసే రాలేదు, గమనించారా? సూపరాక్సైడ్‌ని విటమిన్ సి కూడా తీసేయగలదు, కాకపోతే డిస్మ్యుటేజ్‌తో పోలిస్తే వేల రెట్లు నెమ్మదిగా. కణం లోపల నీళ్ళ భాగంలో రోజువారీ కాపలా అంతా ఎంజైములదే.

విటమిన్లకు పేరొచ్చేది కొవ్వు దగ్గర. అది కొంచెం నిదానంగా చూద్దాం.

ఒక నూనె సీసా మూత తీసి వెలుతురు తగిలే చోట పెట్టారనుకోండి. వారం, రెండు వారాలు, నెల, వాసన మామూలుగానే ఉంటుంది. తర్వాత ఒక దశ దాటాక, కొద్దిరోజుల్లోనే పాత నూనె కంపు గుప్పుమంటుంది. మెల్లమెల్లగా పాడైతే రోజురోజుకీ కొంచెం కొంచెం తేడా తెలియాలి కదా, మరి ఇన్నాళ్ళూ ఏమీ లేకుండా ఉండి ఒక్కసారిగా ఎందుకు తిరగబడుతుంది? ఆ నిశ్శబ్దంగా గడిచిన రోజులన్నీ నూనెలో సహజంగా ఉండే విటమిన్ ఈ కొద్దికొద్దిగా ఖర్చవుతోంది. అది నిండుకున్న రోజు నుంచి మంట అంటుకున్నట్టే.

మన ప్రతి కణం చుట్టూ ఉన్న పొర కూడా కొవ్వే. అందులో కొన్ని కొవ్వు ఆమ్లాల్లో రెండు జంటబంధాల మధ్య ఒక కార్బన్ ఇరుక్కుని ఉంటుంది, దానికి అంటిపెట్టుకున్న హైడ్రోజన్ చాలా వదులుగా ఉంటుంది, ఊరికే ఊడొస్తుంది. ఏ హైడ్రాక్సిలో వచ్చి దాన్ని ఎగరేసుకుపోతే ఆ కొవ్వు రాడికల్ అయిపోతుంది. వెంటనే దానికి ఆక్సిజన్ వచ్చి అతుక్కుంటుంది, అప్పుడది పెరాక్సిల్ రాడికల్. అది పక్క కొవ్వు దగ్గరి హైడ్రోజన్‌ని లాక్కుంటుంది. ఇప్పుడు పక్క కొవ్వు రాడికల్. దానికి మళ్ళీ ఆక్సిజన్. పేకముక్కలు వరుసగా పడిపోయినట్టు ఒక్క దెబ్బకి పొరలో పదులు, వందల అణువులు పాడైపోవచ్చు. మధ్యలో విరిగిన కొవ్వు ముక్కలు కొన్ని వెళ్ళి ప్రొటీన్లకూ డీఎన్‌ఏకూ అతుక్కుంటాయి, అదో కొత్త తలనొప్పి. నూనె సీసాలో వచ్చే ఆ కంపు కూడా ఇలా విరిగిన ముక్కలదే.

ఈ వరుసలో పడకుండా నిలబడే మొండి ముక్క విటమిన్ ఈ. దాని పొడవాటి తోక కొవ్వు పొరలో దిగబడి ఉంటుంది, తలభాగం పొర పైఅంచున ఉంటుంది. పెరాక్సిల్ రాడికల్‌కి పక్క కొవ్వు దొరికేలోపు, దానికంటే సుమారు వెయ్యి రెట్లు వేగంగా విటమిన్ ఈ తన హైడ్రోజన్‌ని అందించేస్తుంది. అందుకే వెయ్యి కొవ్వు అణువులకు ఒకటో రెండో ఉన్నా పని నడుస్తుంది. అప్పుడు విటమిన్ ఈ తానే రాడికల్ అవుతుంది, నిజమే, కానీ ఆ ఒంటరి ఎలక్ట్రాన్ దాని వలయం అంతటా పరుచుకుపోవడంతో దుడుకుతనం చచ్చిపోతుంది. ఎవరి మీదా పడదు. గొలుసు అక్కడ తెగింది.

తెగింది సరే, బాకీ తీరిందా? లేదు. నూనె సీసాలో కథ ఇక్కడితో అయిపోతుంది, అక్కడ విటమిన్ ఈని తిరిగి నింపే నాథుడు లేడు, ఖర్చైతే ఖర్చే. కణానికీ సీసాకీ తేడా సరిగ్గా ఇక్కడే ఉంది. పొర అంచున, నీళ్ళ వైపు నుంచి విటమిన్ సి వచ్చి తన ఎలక్ట్రాన్ ఇచ్చి విటమిన్ ఈని మళ్ళీ మనిషిని చేస్తుంది. ఖాళీ అయిన విటమిన్ సిని గ్లూటాథయోన్ నింపుతుంది. గ్లూటాథయోన్ అంటే మూడే మూడు అమైనో ఆమ్లాలతో ప్రతి కణమూ సొంతంగా చేసుకునే చిన్న అణువు, కణంలో ఇది విటమిన్ సి కంటే మామూలుగా ఎక్కువే ఉంటుంది, దీని పేరు మాత్రం బయట ఎవరికీ తెలిసేది కాదు, ఈమధ్య చర్మం తెల్లబడే ఇంజెక్షన్ల పుణ్యమా అని పాకింది, ఆ గొడవ మనకొద్దు. మరి గ్లూటాథయోన్‌ని ఎవరు నింపుతారు? ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువు. దాన్ని? గ్లూకోజ్ నుంచి ఎలక్ట్రాన్లు తీసి నింపుతారు. అంటే పొరలో ఎక్కడో ఒక కొవ్వు మీద పడిన దెబ్బకి ఆఖరున బాకీ కట్టేది మీరు తిన్న అన్నమో రొట్టో. చేతులు మారిన ఎలక్ట్రాన్ అక్కడి నుంచి వచ్చిందే.

ఇది కాగితం మీద గీసిన బాణాల బొమ్మ మాత్రమే కాదని చెప్పడానికి ఎర్ర రక్తకణం కంటే మంచి సాక్ష్యం లేదు. దానికి మైటోకాండ్రియా లేవు, కేంద్రకం లేదు, ఎన్‌ఏడీపీహెచ్ తయారుచేసుకోవడానికి దానికి ఉన్నది ఒకే దారి, ఆ దారి మొదట్లో ఉండే ఎంజైమ్ పేరు జీ6పీడీ. ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందికి ఈ ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువ. మామూలు రోజుల్లో వాళ్ళకి ఏమీ తెలియదు. మలేరియాకి వాడే ప్రైమాక్విన్ లాంటి మందు పడిందంటే మాత్రం కణంలో ఆక్సీకరణ ఒత్తిడి (కాపలా తట్టుకోలేనంతగా ఆక్సీకరణ జరగడం) అమాంతం పెరుగుతుంది, గ్లూటాథయోన్ ఖర్చైపోతుంది, నింపేవాడు లేడు, రక్తకణాలు పగిలిపోతాయి, మూత్రం నల్లగా వస్తుంది. కారణం ఈ ఎంజైమ్ లోపమేనని 1956లో తేల్చారు. అందుకే ఇప్పుడు ప్రైమాక్విన్ ఇచ్చే ముందు జీ6పీడీ పరీక్ష చేయించమంటారు. ఇలాంటివాళ్ళకి ఎన్ని విటమిన్లు ఉన్నా ఆ నిమిషాన ఆదుకోవు, గొలుసు తెగింది వెనక కొస దగ్గర.

ఇంత కాపలా ఉన్నా కొన్ని దెబ్బలు తగులుతూనే ఉంటాయి. డీఎన్‌ఏలో గ్వానిన్ అనే అక్షరం తేలిగ్గా ఆక్సీకరణ చెందుతుంది, చెందాక అది తన జోడీని మరిచిపోయి తప్పు అక్షరంతో జతకడుతుంది, అలా ఉత్పరివర్తన (మ్యుటేషన్) వస్తుంది. దాన్ని వెతికి కోసి మంచిది అతికించే మరమ్మతు ఎంజైములు వేరే ఉన్నాయి. పాడైన ప్రొటీన్లని ముక్కలు చేసే యంత్రాంగం వేరే. అంటే కాపాడటం అంటే అడ్డుకోవడం ఒక్కటే కాదు, రిపేరు కూడా.

ఇప్పుడు మాత్రలు. 1956లోనే డెనమ్ హార్మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ముసలితనానికి కారణం ఫ్రీ రాడికల్సేనని ప్రతిపాదించాడు. చూడటానికి ఎంత చక్కగా ఉందో! రాడికల్స్ ముసలితనం తెస్తాయి, యాంటీఆక్సిడెంట్లు రాడికల్స్‌ని ఆపుతాయి, కాబట్టి మాత్రలు మింగితే ఆయుష్షు పెరగాలి. పండ్లు, కూరగాయలు బాగా తినేవాళ్ళకి కొన్ని జబ్బులు తక్కువని సర్వేలూ చెబుతున్నాయి. ఇక ఆలస్యమెందుకని పెద్దపెద్ద ట్రయల్స్ మొదలుపెట్టారు.

ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్ళని 29,133 మందిని తీసుకుని, కొందరికి బీటా కెరోటిన్ (క్యారెట్‌కి రంగునిచ్చే పదార్థం), కొందరికి విటమిన్ ఈ, కొందరికి రెండూ, కొందరికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి 5 నుంచి 8 ఏళ్ళు చూశారు. 1994లో ఫలితాలొచ్చాయి. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. తగ్గుతుందని ఇస్తే పెరిగింది! చాలామంది అది కాకతాళీయం అనుకున్నారు. అమెరికాలో పొగతాగేవాళ్ళు, మానేసినవాళ్ళు, ఆస్‌బెస్టాస్ మధ్య పనిచేసినవాళ్ళు 18,314 మందితో ఇంకో ట్రయల్ అప్పటికే నడుస్తోంది. అందులో బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఏ ఇచ్చారు. అక్కడ 28 శాతం ఎక్కువని తేలి, 1996లో గడువుకి ముందే మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. తర్వాత 35,533 మంది మగవాళ్ళతో ప్రోస్టేట్ క్యాన్సర్ మీద పెట్టిన ట్రయల్‌లో విటమిన్ ఈ తీసుకున్న గుంపులో ఆ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో బయటపెట్టారు.

అన్యాయంగా ఒకవైపే చెప్పకూడదు. వయసుతో వచ్చే ఒక రకం రెటీనా జబ్బు అప్పటికే ముదిరే దశలో ఉన్నవాళ్ళకి, విటమిన్ సి, ఈ, బీటా కెరోటిన్, జింక్ కలిపి ఇస్తే జబ్బు ముదరడం సుమారు పావువంతు తగ్గిందని 2001లో ఒక మంచి ట్రయల్ చూపించింది. తర్వాత అందులోంచి బీటా కెరోటిన్ తీసేసి వేరేవి పెట్టారు. అంటే ఫలానా జబ్బుకి, ఫలానా దశలో, ఫలానా మోతాదు అని చెప్పగలిగితే అది మందు. అందరూ రోజూ మింగమంటే అది వ్యాపారం.

ఎందుకిలా జరిగింది? నాకు ఈ మొత్తం విషయంలో బాగా నచ్చే భాగం ఇదే.

మొదటి కారణం, యాంటీఆక్సిడెంట్ అనేది ఒక అణువుకి పుట్టుకతో వచ్చిన బిరుదు కాదు, అది చేసే పని. ఎలక్ట్రాన్ ఎవరికి ఇస్తే ఆ పని. విటమిన్ సి తన ఎలక్ట్రాన్‌ని విటమిన్ ఈకి ఇస్తే మంచిది, అదే విడిగా తిరుగుతున్న ఇనుముకి ఇచ్చిందంటే ఆ ఇనుము మళ్ళీ పెరాక్సైడ్‌ని చీల్చడానికి సిద్ధమైపోతుంది. ల్యాబుల్లో కావాలని హైడ్రాక్సిల్ పుట్టించాలంటే ఇనుము, పెరాక్సైడ్, విటమిన్ సి కలిపితే చాలు! ఒంట్లో ఇనుము దాదాపు అంతా తాళంలో ఉంది కాబట్టి మామూలుగా ఇది జరగదు. పైగా మింగిన విటమిన్ సి అంతా ఒంటికి పట్టదు కూడా, రోజుకి కొన్ని వందల మిల్లీగ్రాములు దాటాక రక్తంలో దాని మోతాదు పెద్దగా పెరగదు, మిగిలింది కిడ్నీలు బయటికి పంపేస్తాయి.

రెండోది ఇంకా లోతైనది. కణం ఈ పెరాక్సైడ్‌ని శత్రువుగా మాత్రమే చూడదు, కబురు పంపే పోస్టుకార్డుగా వాడుకుంటుంది. కొన్ని ప్రొటీన్ల మీద గంధకం ఉండే చోట్లు పెరాక్సైడ్ తగలగానే ఆకారం మార్చుకుని ఎదుగు, ఆగు, జాగ్రత్తపడు అని లోపలికి సంకేతం ఇస్తాయి. తెల్లరక్తకణాలైతే ప్రత్యేకంగా ఒక ఎంజైమ్ పెట్టుకుని మరీ సూపరాక్సైడ్ తయారుచేసి బ్యాక్టీరియా మీద గుమ్మరిస్తాయి, ఆ ఎంజైమ్ పుట్టుకతో లేని పిల్లలకి ఇన్ఫెక్షన్లు వదలకుండా వస్తాయి. రాడికల్సే లేని ఒళ్ళు ఆరోగ్యమైన ఒళ్ళు అనుకుంటే ఆ పిల్లల్ని చూడాలి.

కబురందాక ఏం జరుగుతుందో ఒక్క ఉదాహరణ. కణంలో ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రొటీన్ ఉంటుంది. మామూలుగా దాన్ని కీప్1 అనే ఇంకో ప్రొటీన్ పట్టుకుని, చెత్తబుట్టకి పంపేస్తూ ఉంటుంది, పుట్టినది పుట్టినట్టే పోతుంటుంది. ఆక్సీకరణ ఒత్తిడి పెరిగితే కీప్1 మీద గంధకం చోట్లు దెబ్బతిని పట్టు సడలుతుంది. ఎన్ఆర్ఎఫ్2 కేంద్రకంలోకి వెళ్ళి గ్లూటాథయోన్ తయారీ, ఎన్‌ఏడీపీహెచ్ తయారీ, ఇనుము దాచే ఫెరిటిన్, ఇలా వందకి పైగా జన్యువుల స్విచ్చులు వేస్తుంది. అంటే చిన్న దెబ్బ తగిలితేనే పెద్ద కాపలా మేలుకుంటుంది. ఇప్పుడు 2009లో జర్మనీలో చేసిన ప్రయోగం చూడండి. యువకులతో నాలుగు వారాలు వ్యాయామం చేయించారు, సగంమందికి రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఈ ఇచ్చారు. మాత్రలు తీసుకోనివాళ్ళలో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది, తీసుకున్నవాళ్ళలో ఆ లాభం కనబడలేదు. వ్యాయామం పంపిన కబురుని మాత్ర దారిలోనే చించేసింది.

క్యాన్సర్ కణం కూడా కణమే, దానికీ ఈ కాపలా కావాలి, మామూలు కణం కంటే ఎక్కువే కావాలి, ఎందుకంటే విచ్చలవిడిగా పెరుగుతూ అది తన రాడికల్స్‌ని తానే పుట్టించుకుంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో కొన్నిటిలో కీప్1 చెడిపోయి ఎన్ఆర్ఎఫ్2 స్విచ్చు శాశ్వతంగా వేసి ఉంటుంది. బయట నుంచి మనం మరికొంత అందిస్తే వద్దంటుందా! ఊపిరితిత్తుల్లో గడ్డలు మొదలైన ఎలుకలకి యాంటీఆక్సిడెంట్లు పెడితే గడ్డలు ఇంకా వేగంగా పెరిగాయని 2014లో స్వీడన్ పరిశోధకులు చూపించారు.

హార్మన్ సిద్ధాంతం సంగతి అడుగుతారేమో. నేకెడ్ మోల్ ర్యాట్ అని, బొరియల్లో బతికే, ఒంటి మీద బొచ్చు దాదాపు లేని ఎలుకలాంటి జంతువు ఉంది. మామూలు ఎలుక రెండు మూడేళ్ళు బతికితే ఇది 30 ఏళ్ళు దాటి బతుకుతుంది. తీరా చూస్తే దాని కణాల్లో చిన్నవయసు నుంచే ఆక్సీకరణ దెబ్బలు బోలెడు. దెబ్బలు ఎన్ని అని కాదు, దెబ్బలతో ఎలా నెట్టుకొస్తోంది అన్నది దాని లెక్క.

మరి పండ్లు, కూరగాయలు? అవి మంచివే, సందేహం లేదు, కాకపోతే వాటి మంచితనం వాటిలోని పాలీఫినాళ్ళు (మొక్కలు తయారుచేసే ఒక రకం రసాయనాలు) నేరుగా వెళ్ళి రాడికల్స్‌ని పట్టుకోవడం వల్ల కాకపోవచ్చు. అవి పేగుల్లోంచి రక్తంలోకి చేరేదే కొంచెం, చేరినవాటిని లివర్ పరాయి సరుకుగా చూసి రూపం మార్చి గంటల్లో బయటికి తోసేస్తుంది. పరీక్షనాళికలో ఎన్ని రాడికల్స్‌ని తుడిచిపెడుతుందో కొలిచి ఆహారపదార్థాలకి మార్కులు వేసిన ఒక పట్టికని అమెరికా వ్యవసాయ శాఖ తన వెబ్‌సైట్లో పెట్టింది, ఆ మార్కులకీ ఒంట్లో జరిగేదానికీ పొంతన లేదనీ, అమ్ముకునేవాళ్ళు వాటిని అడ్డంగా వాడుకుంటున్నారనీ 2012లో తీసేసింది. బ్రకోలీలో పుట్టే సల్ఫోరఫేన్ అయితే ఇంకా తమాషా, అది వెళ్ళి కీప్1 గంధకాన్నే గిల్లుతుంది. కణం దాన్ని చిన్న విషంగా లెక్కేసి కాపలా పెంచుకుంటుంది. మొక్క ఆ ఘాటుని తయారుచేసుకున్నది కూడా మన కోసం కాదు, తనను తినే పురుగుల కోసం.

యాంటీఆక్సిడెంట్ బయట నుంచి అందించి ప్రాణం నిలబెట్టే సందర్భం ఒకటి మాత్రం ఆసుపత్రుల్లో ఎప్పుడూ ఎదురవుతుంటుంది. ఎవరైనా పారాసిటమాల్ మోతాదుకి బాగా మించి మింగితే, లివర్‌లో దాంట్లోంచి పుట్టే ఒక విషపదార్థం అక్కడి గ్లూటాథయోన్‌కి అతుక్కుని దాన్ని ఖాళీ చేసేస్తుంది, నిల్వ అయిపోయాక లివర్ కణాలే చావడం మొదలవుతుంది. అప్పుడు డాక్టర్లు గ్లూటాథయోన్ ఎక్కించరు, ఎక్కించినా అది నేరుగా కణాల్లోకి సరిగా పోదు. ఎసిటైల్ సిస్టీన్ ఎక్కిస్తారు, అంటే గ్లూటాథయోన్ తయారీకి కావాల్సిన మూడు ముడిసరుకుల్లో ఎప్పుడూ కొరతగా ఉండేదాన్ని. మింగిన 8 గంటల్లోపు మొదలుపెడితే దాదాపు ప్రతిసారీ లివర్ దక్కుతుంది, మిగతా తయారీ అంతా ఆ కణాలే చూసుకుంటాయి.